భుజంలో తెగిన బంధనం: ఏ చిత్రంలో కనిపిస్తుంది?

మూటలు మోసే కూలీ చేయి ఒకనాడు పైకి లేవదు. ఎక్స్-రే తీయిస్తే ఎముకలన్నీ బాగానే ఉంటాయి. మరి లోపం ఎక్కడ?

భుజాస్థి తలను నాలుగు కండరాల స్నాయు బంధనాలు కప్పి, కీలులో నిలిపి ఉంచుతాయి. ఈ కప్పును రొటేటర్ కఫ్ అంటారు. ఇది తెగితే చేయి ఎత్తడం కష్టమవుతుంది. కోసి చూడకుండా ఆ తెగుదలను కనిపెట్టే మార్గాల కోసం వైద్యులు చాలాకాలం వెతికారు.

1895లో రాంట్‌జన్ కనుగొన్న ఎక్స్-కిరణాలను ఎముకలోని కాల్షియం బాగా అడ్డగిస్తుంది. మెత్తని బంధనాలు అంతగా అడ్డగించలేవు. అందుకే అవి చిత్రంలో విడిగా కనపడవు. 1939లో స్వీడన్ వైద్యుడు లిండ్‌బ్లోమ్ కీలులోకి ఎక్స్-కిరణాలను ఆపే ద్రవాన్ని ఎక్కించి చిత్రం తీసే పద్ధతిని వివరించాడు. బంధనం పూర్తిగా తెగి ఉంటే ద్రవం ఆ రంధ్రం గుండా పైనున్న తిత్తిలోకి పారుతుంది. కానీ పైభాగంలో సగమే చిరిగితే ఈ పద్ధతికి దొరకదు. పైగా సూది పోటు తప్పదు.

1980లలో రెండు కొత్త మార్గాలు వచ్చాయి. అల్ట్రాసౌండ్‌లో ధ్వని తరంగాల ప్రతిధ్వనులే చిత్రమవుతాయి. చేయి కదిలిస్తూనే చూడవచ్చు, ఖర్చూ తక్కువ. అయితే ధ్వని ఎముకను దాటిపోలేదు. ఫలితం చాలావరకు పరీక్షించేవారి నేర్పు మీద ఆధారపడుతుంది.

రెండవది ఎం.ఆర్.ఐ. మన దేశంలో తొలి యంత్రాన్ని 1986లో ఢిల్లీలోని రక్షణ పరిశోధన ప్రయోగశాల ఇన్‌మాస్‌లో నెలకొల్పారు. బలమైన అయస్కాంత క్షేత్రంలో శరీరంలోని హైడ్రోజన్ కేంద్రకాలు రేడియో తరంగాలకు స్పందిస్తాయి. ఆరోగ్యకరమైన బంధనం నల్లగా, తెగినచోట చేరిన ద్రవం తెల్లగా కనిపిస్తాయి. కండరం ఎంత క్షీణించిందో, అందులో ఎంత కొవ్వు చేరిందో కూడా తెలుస్తుంది. కుట్టిన బంధనం నిలుస్తుందో లేదో అంచనా వేయడానికి శస్త్రవైద్యునికి ఈ సమాచారం కావాలి.

ఇంతకూ ఏది మేలు? 2009లో 65 అధ్యయనాలను కలిపి చేసిన విశ్లేషణలో, కీలులోకి ద్రవం ఎక్కించి తీసే ఎం.ఆర్.ఐ. అన్నిటికన్నా కచ్చితమని తేలింది. మామూలు ఎం.ఆర్.ఐ.కి, అల్ట్రాసౌండ్‌కు మధ్య చెప్పుకోదగ్గ తేడా కనబడలేదు. అంటే నేర్పుగల వైద్యుడుంటే, కూలి డబ్బుతో బతికేవారికి మొదట చవకైన పరీక్షే చాలవచ్చు.

మరో సంగతి కూడా గుర్తుంచుకోవాలి. 1995లో వెలువడిన ఒక పరిశోధనలో భుజం నొప్పి లేని 96 మందికి ఎం.ఆర్.ఐ. తీశారు. 34 శాతం మందిలో చిరుగులు కనిపించాయి. అరవై దాటినవారిలో అవి 54 శాతం! కనుక చిత్రంలో చిరుగు ఉన్నంత మాత్రాన నొప్పికి అదే కారణమని చెప్పలేం. రోగి చెప్పేది విని, చేయి పట్టుకుని పరీక్షించాకే వైద్యుడు ఆ చిత్రానికి అర్థం చెప్పగలడు.