లైనోటైపు నిర్మాత: ఓట్మార్ మెర్గెంతాలరు

గ్రంథచరిత్ర వ్రాయువారు కవిని, వ్యాఖ్యాతను, పరిష్కర్తను, తుదకుఁ బ్రకాశకుని సైతము స్మరింతురు. అక్షరములను వరుసగాఁ గూర్చిన కంపోజిటరునుగాని, వాని శ్రమను దగ్గింపఁబూనిన యంత్రశిల్పినిగాని స్మరించుట యరుదు. గూటెన్‌బర్గు పదునైదవ శతాబ్దమున విడియక్షరములతో ముద్రణము నారంభించినది మొదలు నాలుగువందల యేండ్లకుఁ బైగా నక్షరములఁ గూర్చుట చేతిపనిగనే యుండెను. అచ్చొత్తు యంత్రములు ఆవిరిబలముచే గంటకు వేలకొలఁది ప్రతుల నిచ్చు కాలమునఁగూడ కంపోజిటరు అఱలనుండి యొక్కొక్క యక్షరమును ఏఱి పేర్చి, ముద్రణమైన పిదప మరల నా యఱలలోనే వేయవలసి యుండెను. ఈ చిక్కును విడఁదీసినవాఁడు పరదేశమునకు వలసపోయిన యొక గడియారముల పనివాఁడు.

ఓట్మార్ మెర్గెంతాలరు 1854వ సంవత్సరము మే 11వ తేదీని జర్మనీలోని వుర్టెంబర్గు రాజ్యమున హాఖ్టెలను గ్రామమందుఁ బుట్టెను. తండ్రి బడిపంతులు. కుమారుఁడును ఉపాధ్యాయుఁడు కావలెనని యింటివారి కోరిక. బాలుని మనసు యంత్రములయందు లగ్నమై యుండెను. అందుచే నతఁడు బీటిఘైము పట్టణమున బంధువైన గడియారములవానికడ పని నేర్చెను. 1872లోఁ బదునెనిమిదేండ్ల ప్రాయమున అమెరికా చేరి, వాషింగ్టనులో ఆగస్టు హాల్ అను బంధువు నడుపు కార్ఖానాలోఁ బనికిఁ గుదిరెను. 1878లో నా దేశపు పౌరుఁడయ్యెను.

1876లో న్యాయస్థానములలో సంక్షేపలేఖకుఁడుగా నుండిన జేమ్సు క్లెఫేను తన లేఖనములను ద్వరగా నచ్చొత్తు సాధనమును వెదకుచు, చార్లెసు మూరు కల్పించిన యొక యంత్రమును ఆ కార్ఖానాకుఁ జేర్చెను. అది సరిగాఁ బనిచేయలేదు. పిదప కాగితపుగుజ్జుపై నక్షరముల నొత్తి, యా గుంటలలో లోహమును బోయఁజూచిరి. గుజ్జు లోహమునకంటుకొని పాడయ్యెను. ఏండ్లు గడచెను, ధనము వ్యయమయ్యెను. తుదకు మెర్గెంతాలరుకు నిజమైన మార్గము తోఁచెను: అక్షరములఁ గూర్చుటయు, లోహమును బోయుటయు నొక్క యంత్రముననే జరుగవలెను. 1884లో నతనికిఁ బేటెంటు లభించెను. 1886 జూలై 3వ తేదీని న్యూయార్కు ట్రిబ్యూను పత్రికాలయమున నా యంత్రము వార్తాపత్రికకై పని మొదలిడెను. ఆ పత్రికాధిపతి వైట్‌లా రీడు ఆడినమాటగాఁ జెప్పఁబడు 'పంక్తిటైపు' అను నర్థముగల లైనోటైపు అను పేరు దానికి నిలిచెను.

దాని పనితీరు తెలియఁదగినది. తొంబది మీటలలో నొకదాని నొత్తఁగానే, అక్షరరూపము గుంటగాఁ జెక్కఁబడిన ఇత్తడి అచ్చుబిళ్ల పైనున్న యఱనుండి జాఱి వరుసలోఁ జేరును. పదములనడుమ సన్ననిమేకులు నిలుచును. పంక్తి నిండఁగానే మేకులు పైకి నెట్టఁబడి, పదముల యెడము సమానమై పంక్తి కొలఁతకు సరిపడును. ఈ జంటమేకుల కల్పన షుకర్సు అనువానిది. దాని హక్కును లైనోటైపు సంస్థ పిమ్మటఁ గొనెను. అంతట సీసము, తగరము, యాంటిమొని కలిసిన కరఁగినలోహము ఆ గుంటలలోనికి నెట్టఁబడి, పంక్తి యంతయు నొకే కడ్డీగాఁ బోతపోయఁబడును. అచ్చుబిళ్లల తలలయందలి పండ్లు ఒక్కొక్క యక్షరమునకు వేఱు. అవి పండ్లుగల దండముపై సాగుచు, తమ యఱ వచ్చినచోటఁ బట్టుదప్పి దానిలోఁ బడును. కంపోజిటరు చేతితో వేఱుచేయు పనియంతయు నిట్లు తీఱిపోయెను.

అతని పట్టుదలకు నిజమైన పరీక్ష దీనిపిదపనే వచ్చెను. ధనము పెట్టిన పత్రికాధిపతులు అప్పటి నమూనాతోనే యంత్రములను ద్వరత్వరగాఁ జేయింపఁ గోరిరి. నడచుచున్నంతమాత్రమున యంత్రము సిద్ధమైనదని మెర్గెంతాలరు ఒప్పుకొనలేదు. పరిష్కర్త యచ్చైన పాఠమును మరల దిద్దునట్లు, అతఁడు తన కృతిని మరల మరల సంస్కరింపఁబూనెను. 1888లో నుద్యోగము విడిచి, సొంతకార్ఖానాలో నా పని సాగించెను. 1890లో నతఁడు వెలువరించిన నూతననమూనా తరువాతి యంత్రములకు మూలమయ్యెను.

1894లో క్షయరోగ మతనిఁ బట్టెను. పొడిగాలికై న్యూమెక్సికోలోని డెమింగునకుఁ బోఁగా, 1897లో నచటి యిల్లు కాలి, స్వీయచరిత్రకై వ్రాసికొన్న కాగితములును బూడిదయయ్యెను. అయినను మఱుసటియేఁడు అతని జీవితచరిత్ర ప్రకటితమయ్యెను. 1899 అక్టోబరు 28వ తేదీని బాల్టిమోరులో నలువదియైదేండ్లకే మరణించెను.

తొంబది మీటలు ఇంగ్లీషునకుఁ జాలెను. గుణింతములు, వత్తులు చేరఁగాఁ దెలుఁగునకు వలయు అచ్చురూపములు వందలకొలఁది. కాఁబట్టి మన అచ్చుకూటములలోఁ జేతికంపోజింగు చాలకాలము నిలిచెను. పాశ్చాత్యదేశములందు సయితము ఫోటోపద్ధతి, కంప్యూటరు వచ్చిన పిదప లైనోటైపు అస్తమించెను. 1978 జూలై మొదట న్యూయార్కు టైమ్సు పత్రిక దానితోఁ దన కడపటి సంచికను గూర్చెను. తొంబది రెండేండ్లు సాగిన యా చరిత్రకు మూలము, నడచుచున్న యంత్రమును జాలునని విడువని యొక బడిపంతులు కొడుకు పట్టుదల.