పంక్త్యంతమున పదవిచ్ఛేదము: పాతబస్తీ అచ్చుకూటముల నుండి యంత్రసూత్రముల దాక

అచ్చుపుస్తకముల చరిత్రను వ్రాయువారు ముద్రణశాల పేరును, ప్రకటన సంవత్సరమును, తప్పొప్పుల పట్టికను శ్రద్ధతో పరిశీలింతురు. పంక్తి చివర పదము తెగినపుడు అచట నిలుచు చిన్న అడ్డగీతను పట్టించుకొనువారు అరుదు. చిన్నయసూరి బాలవ్యాకరణమున సంధికి ప్రత్యేక పరిచ్ఛేదమే కలదు. పుట అంచును తాకిన పదమును ఎక్కడ విఱువవలెననుట అందు ప్రసక్తము కాలేదు; కానక్కఱయు లేదు, అది అచ్చుకూటమువారి పని. ఆ పని నేడు కంపోజిటరు చేతినుండి యంత్రమునకు పోయినది. యంత్రమునకు అలవాటు చాలదు, సూత్రము కావలెను. చేతి అలవాటును సూత్రముగా మార్చబోయినపుడు తెలుగు లిపిని గూర్చి ఏమి తేలినదో చూచుట ఈ వ్యాసమునకు విషయము.

ఇందులకు హైదరాబాదు పాతబస్తీని ఆధారముగ గ్రహించుటకు కారణము కలదు. 1591లో వెలసిన చార్మినారుకు అనతిదూరముననున్న ఛత్తా బజారు నేటికిని ముద్రాపకుల వీధి. అచట పెండ్లి శుభలేఖలు ఉర్దూ, తెలుగు, ఇంగ్లీషు మూడింటను అచ్చగును. ఒక్కొక్కప్పుడు మూడు లిపులును ఒకే కాగితముపై నిలుచును. పాతబస్తీలోనిదే యగు చంచల్‌గూడ ప్రభుత్వ ముద్రణాలయమునకును బహుభాషాముద్రణము నిత్యకృత్యము. నిజాము రాజ్యమున 1880ల దశకమున ఫారసీ స్థానమును ఉర్దూ ఆక్రమించినది. 1918లో వెలసిన ఉస్మానియా విశ్వవిద్యాలయమున ఉర్దూయే బోధనభాష. ప్రజలలో అధికసంఖ్యాకులు తెలుగు, మరాఠీ, కన్నడములు మాటలాడువారు. ఇట్టి నగరమున పంక్తిని ముగించు పద్ధతులు మూడు, ఒకదాని సరసన మఱొకటి, దీర్ఘకాలము మెలగినవి. వానిలో ఏ రెండింటికిని మూలసూత్రము ఒకటి కాదు.

ఉర్దూ సంగతి మొదట చెప్పుదును, అది కొంత సులభము గనుక. ఉర్దూలో పదమును పంక్తి చివర విఱువరు. నస్తాలీఖు లిపిని వ్రాయు కాతిబు పంక్తిలో స్థలము మిగిలినచో కొన్ని అక్షరములను సాగదీయును; ఈ సాగుదలకు కషీదా యని పేరు. స్థలము చాలనిచో చివరి పదమును కొంచెము పైకెత్తి ముందు పదముపై అమర్చును. ఆదిలో ఇట్లు లేదు. కూఫీ లిపిలోని ప్రాచీన ఖురాను ప్రతులలో తరువాతి అక్షరముతో కలియని అలిఫు, దాలు, రే వంటి అక్షరముల యొద్ద పదమును తెంచి మిగిలిన భాగమును క్రింది పంక్తిలో వ్రాయుట కలదు. తరువాతి లేఖకులు ఆ పద్ధతిని విడిచిరి. నస్తాలీఖు ఏటవాలుగా దిగు లిపియగుటచే దానిని విడి టైపులలో పోతపోయుట దుర్ఘటమైనది. అందుచే ఉర్దూ గ్రంథములు, పత్రికలు చాలకాలము కాతిబు దస్తూరితో శిలాముద్రణముననే వెలువడినవి. అదే నగరమున 1888లో స్థాపితమైన దాయిరతుల్ మఆరిఫ్ సంస్థ అరబ్బీ గ్రంథములను నస్ఖు టైపులతో ముద్రించుట గమనింపదగినది. ఉర్దూకు ఈ చిక్కు 1981లో మీర్జా అహ్మద్ జమీల్ రూపొందించిన నూరీ నస్తాలీఖుతో విడినది. సుమారు 20,000 అక్షరసముదాయములను ముందే వ్రాసి యంత్రమున నిలిపిరి. 1994లో ఢిల్లీలో వెలువడిన ఇన్‌పేజ్ దానిని ప్రతి వీధికిని చేర్చినది. కాతిబుల జీవనము ఇందువలన ఏమైనదనుట వేఱొక వ్యాసమునకు తగినంత విషయము.

ఇక తెలుగు. తాళపత్రములందు పదముల నడుమ ఎడములేదు. ఆకు ముగిసిన చోట పంక్తి ముగియును, పదము తరువాతి పంక్తిలో సాగును. త్రాటికై తొలిచిన రంధ్రమున్నచోట కొంత ఖాళీ విడిచి, పదమును ఆవలనుండి కొనసాగించుటయు కలదు. విఱుపు అక్షరము తరువాత ఎక్కడనైనను రావచ్చును, గుర్తు మాత్రముండదు. అచ్చు వచ్చిన పిదప పదముల నడుమ ఎడము, ఇంగ్లీషు పుస్తకములనుండి అడ్డగీత, రెండును వచ్చినవి. గీత వచ్చినది గాని, పదమును ఎక్కడ విఱువవలెనను ఇంగ్లీషు నియమము దానివెంట రాలేదు. నా అభిప్రాయమున అది మంచిదే అయినది. ఇంగ్లీషున ఉచ్చారణమును, ధాతుప్రత్యయములను చూచి విఱుతురు. నిఘంటువు చూడక నిర్ణయింపరాని పదములు అందు అనేకములు. తెలుగు కంపోజిటరుకు తాళపత్రలేఖకుని నియమమే చాలినది: అక్షరము చెడరాదు.

ఆ నియమమును కాపాడినది అతని విద్వత్తు కాదు, సీసము. తలకట్టు, గుడి, వత్తు చేరి ఒక అక్షరముగ నిలిచిన టైపుముక్కల నడుమ గీతను దూర్చుట ఎట్టి తొందరలోనున్న కంపోజిటరుకును తోచెడిది కాదు. యూనికోడున తెలుగునకు 128 స్థానముల పట్టిక కేటాయింపబడినది. అందు ‘స్త్రీ’ యను ఒక్క అక్షరము సకారము, విరామము, తకారము, విరామము, రేఫము, ఈకారచిహ్నము అని ఆఱు సంకేతములుగ నిలువయగును. కంటికి ఒకటి, యంత్రమునకు ఆఱు. లోహము మాటాడకయే కాపాడినదానిని ఇప్పుడు నోరు తెఱచి చెప్పవలసివచ్చినది.

చెప్పు విధానము స్టాన్‌ఫర్డు విశ్వవిద్యాలయమున పుట్టినది. డొనాల్డ్ నూత్ నిర్మించిన టెక్ అను అక్షరసంధాన వ్యవస్థకై ఆయన శిష్యుడు ఫ్రాంక్ లియాంగ్ 1983లో సమర్పించిన సిద్ధాంతవ్యాసము పదవిచ్ఛేదమును గూర్చినదే. అక్షరముల చిన్న గుంపుల నడుమ అంకెలుంచవలెను. బేసి అంకె విఱుపునకు అనుమతి, సరి అంకె నిషేధము. ఒకే తావున పెక్కు సూత్రములు పోటీపడినచో పెద్ద అంకెదే గెలుపు. ఉత్సర్గాపవాదముల మర్యాద నెఱిగిన వ్యాకరణవిద్యార్థికి ఇది క్రొత్తగా తోపదు. ఇంగ్లీషునకు ఇట్టి సూత్రములు 4,447 కావలసినవి. 1990లో వెలువడిన టెక్ మూడవ రూపమున పెక్కు భాషల సూత్రపట్టికలను ఒకేసారి నిలుపుకొను వీలు కలిగినది. 2004లో జొనాథన్ క్యూ రచించిన జీటెక్ యూనికోడు లిపులను నేరుగా గ్రహించినది. అటుపిమ్మట సంతోష్ తొట్టింగల్ తెలుగుతో సహా పెక్కు భారతీయభాషలకు పట్టికలను కూర్చెను.

తెలుగు పట్టికలోని సూత్రములు వందకు లోపే. హల్లునకు ముందు విఱువవచ్చును. గుణింతపు గుర్తునకు ముందు విఱువరాదు, తరువాత విఱువవచ్చును. సున్నకును విసర్గకును ముందు విఱువరాదు. విరామమునకు ఇరుప్రక్కల విఱువరాదు, అది సంయుక్తాక్షరమున నుండవచ్చును గనుక. ఇంగ్లీషునకు వేలు కావలసిన చోట తెలుగునకు పదులు చాలుటకు కారణము తెలుగు సులభమగుట కాదు. లిపియే అక్షరవిభాగమును ముందుగా చేసి పెట్టినది.

నగరము పేరే ఇందులకు మంచి పరీక్ష. ‘హైదరాబాదులో’ అని అజంతముగ వ్రాసినచో చిక్కులేదు. ‘హైదరాబాద్‌లో’ అని వ్రాయువారు దకార లకారములు కలిసి సంయుక్తము కాకుండుటకై నడుమ కంటికి కానరాని విభజనచిహ్నమును ఉంచవలెను. ఆ చిహ్నమున్నచోట విఱుపునకు అనుమతి కలదు, లేనిచోట లేదు. తెలుగు అజంతభాషయను పూర్వుల మాట ఇట్లు యంత్రమున సాక్ష్యము చెప్పుచున్నది.

బహుభాషాపుటయందు ప్రతి భాగమును ఏ భాషదో ముందుగ ప్రకటించుట ముఖ్యము. తెలుగు వాక్యము ఇంగ్లీషు భాగముగ ప్రకటింపబడినచో, ఇంగ్లీషు పట్టికలో తెలుగు అక్షరములు లేనందున పదము ఎక్కడను విఱుగదు. పంక్తి అంచు దాటిపోవును, లేదా పదముల నడుమ పెద్ద ఖాళీలు పడును. దీర్ఘసమాసములు గల మన వ్యాసములందు ఈ దోషము వెంటనే కానవచ్చును. ఉర్దూ భాగమును కుడినుండి ఎడమకు నడచునదిగను, విచ్ఛేదము లేనిదిగను ప్రకటింపవలెను. తెలుగు లిపిలో వ్రాసిన ఉర్దూ పదము మాత్రము తెలుగు నియమముననే నడచును.

అయినను అక్షరనియమము అర్థమును కాపాడజాలదు. ‘గ్రంథాలయము’ అను పదమును ‘గ్రంథా-లయము’ అని విఱిచినచో సూత్రము తప్పలేదు, కాని క్రింది పంక్తిని చదువువానికి గ్రంథములు లయమైనట్లు తోచును. అర్థమునుబట్టి విఱుతమన్నను వీలులేదు: గ్రంథ, ఆలయ శబ్దముల అతుకు సవర్ణదీర్ఘమున ‘థా’ అను అక్షరము లోపలికి పోయినది. ‘వాడెక్కడ’ యందును అతుకు ‘డె’ లోపలనే కలదు. ఇంగ్లీషున సమాసపు అతుకు అక్షరముల నడుమ కానవచ్చును. తెలుగున సంధి దానిని అక్షరగర్భమున దాచును. కావున అక్షరనియమము తెలుగునకు పేదతనపు ఏర్పాటు కాదు, సంధి ఇచ్చిన ఫలితము. ‘అమ్మ’ యను పదమున ఛందస్సు మొదటి అక్షరమును గురువుగ లెక్కించును. లిపి మాత్రము ‘అ-మ్మ’ అనియే విఱువనిచ్చును. చెవి లెక్క, కంటి లెక్క ఇచట వేఱైనవి.

పద్యమున యంత్రమునకు ఈ స్వేచ్ఛ నీయరాదు. పదము పాదాంతము దాటి సాగుట మన వృత్తములందు సహజము. ఆ విఱుపు ఛందస్సుది, కాగితపు వెడల్పుది కాదు.

ఇంకొక సంగతి పరిష్కర్తలకు సంబంధించినది. ఇంగ్లీషున విఱుపునకు ముందు రెండు, తరువాత మూడు అక్షరములు తక్కువ కాకుండ నుండవలెనని టెక్ కట్టడి. యంత్రము ఈ కట్టడిని సంకేతములతో లెక్కించును. ‘లో’ యనునది రెండు సంకేతములు. కావున తెలుగునకు రెండను కట్టడి విధించినను ‘లో’ యొక్కటియే క్రింది పంక్తికి దిగవచ్చును. విభక్తిప్రత్యయము ఒంటరిగ పంక్తిని ఆరంభించుట చదువరికి ఇబ్బంది. విద్యార్థులు కొందఱు ఇట్టివి చూచి తామే గీతను టైపు చేసి పదమును సవరింతురు. పుట వెడల్పు మాఱినపుడు ఆ గీత పంక్తి నడుమకు వచ్చి నిలుచును. ‘గ్రంథాలయము’ అని వెదకువానికి ‘గ్రంథా-లయము’ దొరకదు. పాత ప్రతులను తిరిగి ఎక్కించుచున్న నేటి పాఠనిధులలో పంక్త్యంతపు గీత ఏది, రచయిత ఉంచిన గీత ఏది అను వివేకము కావలసియున్నది. పంక్తి చివర మాత్రమే కానవచ్చు అదృశ్యగీతకు యూనికోడున ప్రత్యేకసంకేతము కలదు. విఱుపును చేతితో సూచింపవలసివచ్చినచో దానినే వాడవలెను. విఱువదగని పదముల అపవాదపట్టిక మాత్రము యంత్రనిర్మాతలు కూర్పగలిగినది కాదు. ‘ఆలయ’ శబ్దము ఉత్తరపదముగ గల సమాసములు, ఏకాక్షరవిభక్తులు, విఱిగినచో అపార్థమిచ్చు జంటలు — వీనిని నిఘంటువుల నుండి ఏరి వరుస పెట్టుట తెలుగు శాఖలలోని పరిశోధకవిద్యార్థులు ఒకటి రెండు సంవత్సరములలో చేయదగిన పని.