కత్తెర పట్టిన సేవకుడు

చెల్లెళ్లూ, మనకు జలుబు చేస్తే మిరియాల కషాయం కాచుకుంటాం. మరి కంటికి కనబడని బాక్టీరియాకే రోగమొస్తే? దానికీ శత్రువులున్నాయి. ఫేజ్‌లనే వైరస్‌లు దాని మీద వాలి, తమ డీఎన్ఏను లోపలికెక్కించి, పిల్లల్ని పెంచుకుని, చివరికి దాన్ని పగలగొట్టుకుని బయటపడతాయి. మా వేములపల్లిలో ఇంటింటా పాలలో వేసే తోడులో ఉండేవీ బాక్టీరియాలే, వాటికీ ఈ బెడద తప్పదు.

అయితే అవి ఊరికే చచ్చిపోవు. ఆ సంగతి తేల్చినవారిలో ముఖ్యుడు స్విట్జర్లాండు శాస్త్రజ్ఞుడు వెర్నర్ ఆర్బర్. 1978లో మరిద్దరితో కలిసి ఆయనకు నోబెల్ బహుమతి వచ్చినప్పుడు పదేళ్ల కూతురు సిల్వియా దాన్నొక కథగా అల్లింది. డీఎన్ఏ రాజట, చుట్టూ సేవకులట. ఒకడి చేతిలో కత్తెర. పరాయి రాజు చొరబడితే ముక్కలు చేస్తాడు, తన రాజు జోలికి మాత్రం పోడు. పండితుల మాటలకన్నా నాకిదే బాగా బోధపడింది. ఆ పిల్లా పెద్దయ్యాక శాస్త్రజ్ఞురాలే అయింది!

తన రాజునెలా గుర్తుపడతాడంటారా? బాక్టీరియా తన డీఎన్ఏ మీద అక్కడక్కడ మిథైల్ అనే చిన్న గుర్తు పెట్టుకుంటుంది, మనం పిల్లలకు దిష్టిచుక్క పెట్టినట్టు.

ఈ కత్తెరల్లో రకాలున్నాయి. రెండో రకం చెప్పిన చోటే కోస్తుంది గనుక ప్రయోగశాలలన్నీ దాన్నే పట్టుకున్నాయి. అలాంటి కత్తెరల చలవతోనే బాక్టీరియాలో తయారైన మానవ ఇన్సులిన్ 1982లో అమెరికాలో అనుమతి పొందింది. మూడో రకాన్ని పట్టించుకున్నవాళ్లు కొద్దిమందే. వారిలో ఒకరు దేశిరాజు నరసింహారావు గారు. ఇంటిపేరే చెబుతోంది మనవారని. ఆర్బర్ పనిచేసిన బాసెల్‌లోనే థామస్ బికిల్‌తో కలిసి ఆ కత్తెర మీద పరిశోధించి 1989లో వ్యాసాలు ప్రచురించారు. బెంగుళూరు ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్‌లో జీవరసాయన శాఖ ఆచార్యులుగానూ దాన్ని వదల్లేదు. ఇన్నేళ్లూ ఒక్క సేవకుడి వెంటేనా అని ఇంట్లో ఎవరైనా అడిగారో లేదో!

ఈ కత్తెర ఆడాలంటే ఏటీపీ అనే ఇంధనం దగ్గరుంటే చాలు, ఖర్చు కానక్కర్లేదని అంతకుముందు అనుకునేవారు. పొయ్యి పక్కన కట్టెలు పేర్చినంత మాత్రాన అన్నం ఉడుకుతుందా? కట్టె కాలాల్సిందేనని, అంటే ఏటీపీ ఖర్చయితేనే కత్తెర కోస్తుందని, 1995లో రావుగారి బృందం చూపించింది. తర్వాత వారి చూపు హెలికోబాక్టర్ పైలోరీ మీదికీ మళ్లింది. మన కడుపులో చేరి పుండ్లు పుట్టించేది అదే. ఒక్క కత్తెర కాదు, అలాంటి సేవకుల దండే ఉంది దాని దగ్గర.