87 మందా, 89 మందా?

స్టడీ అవర్‌లో శాతాలు నేర్పాలంటే ఇదివరకు మేము యూనిట్ టెస్ట్ మార్కులే తీసుకునేవాళ్ళం. దాంతో ఎవరికి తక్కువ వచ్చాయో గదంతా తెలిసిపోయేది. ఆ పిల్ల రెండు రోజులు సరిగ్గా అన్నం తినేది కాదు. అది మానేసి చరిత్రలోంచి ఒక పట్టిక వెతుక్కున్నాం. అమెరికాలో డోనర్ పార్టీ అని పేరుపడ్డ వలస గుంపుది ఆ పట్టిక.

ముందు కథ చెప్పాం. 1846లో 87 మంది పెద్దలూ పిల్లలూ ఎద్దుల బండ్లు కట్టుకుని పడమరగా కాలిఫోర్నియాకు కదిలారు. ఇలాంటివాళ్ళను అక్కడి పుస్తకాలు పయనీర్లు అంటాయి. హేస్టింగ్స్ అనే ఆయన చెప్పిన దగ్గరి దారిని వీళ్ళు నమ్మారు. ఆ దారిలో ఆయనే అంతవరకూ బండి నడిపి చూడలేదు. వాసాచ్ కొండల్లో చెట్లు కొట్టి దారి చేసుకోవాల్సి వచ్చింది, తర్వాత ఉప్పు ఎడారి. సియెర్రా నెవాడా కొండల దగ్గరికి చేరేసరికి నవంబరు వచ్చేసింది, కనుమ మంచుతో మూసుకుపోయింది. ఆఖరి మనిషి బయటపడింది మరుసటి ఏప్రిల్‌లో. తిండి అయిపోయాక పశువుల తోళ్ళు ఉడకబెట్టుకున్నారు. చివరికి కొందరు చనిపోయిన తోటివాళ్ళ శరీరాలు తిన్నారు. లోకం ఈ కథను ఆ ఒక్క మాటతోనే గుర్తుపెట్టుకుంది. మేము దాన్ని పిల్లల దగ్గర దాచలేదు, సాగదీయనూ లేదు.

పట్టిక ఇవ్వకముందే ఒక ప్రశ్న అడిగాం: ఎవరు ఎక్కువగా బతికి ఉంటారు? దాదాపు అందరూ చేతులెత్తి చెప్పింది ఒకటే, వయసులో ఉన్న మగవాళ్ళు. బలం వాళ్ళకే కదా.

అప్పుడు నేల మీద గింజలు పరిచాం. మగవాళ్ళకు 53 చింతపిక్కలు, ఆడవాళ్ళకు 34 కుంకుడు గింజలు. డొనాల్డ్ గ్రేసన్ అనే పురావస్తు పరిశోధకుడు 1990లో వేసిన లెక్క ప్రకారం చనిపోయినవాళ్ళను ఒక్కొక్కరినీ తీసేయమన్నాం. చింతపిక్కల్లో 30 పోయాయి. కుంకుడు గింజల్లో పోయినవి 10. అంటే మగవాళ్ళలో 57 శాతం, ఆడవాళ్ళలో 29 శాతం. 20 నుంచి 39 ఏళ్ళ మగవాళ్ళలోనే మూడింట రెండు వంతుల మంది పోయారు. బరువు పనులన్నీ చేసి, ఒంట్లో ఉన్నది ముందే ఖర్చుపెట్టుకున్నది వాళ్ళే. ఆడవాళ్ళ ఒంటికి తిండి అవసరం కొంత తక్కువ, కొవ్వు నిల్వ కొంత ఎక్కువ. ఇంకొకటి కూడా ఉంది. ఒంటరిగా వచ్చిన మగవాళ్ళు ఎక్కువగా పోయారు, పెద్ద కుటుంబాలతో ఉన్నవాళ్ళు ఎక్కువగా నిలిచారు. తొమ్మిది మంది ఉన్న బ్రీన్ కుటుంబంలో ఒక్కరూ పోలేదు. "అయితే చుట్టాలుంటే బతుకుతారా మేడం?" అని ఒక పిల్ల అడిగింది. ఇల్లు వదిలి హాస్టల్లో ఉండే పిల్ల ఆ మాట అడిగితే వెంటనే జవాబు చెప్పడం కష్టం.

డిసెంబరు 16న మంచు మీద నడిచే చెప్పులు కట్టుకుని కొందరు సాయం కోసం బయలుదేరారు. ఇద్దరు మొదట్లోనే వెనక్కి తిరిగారు, 15 మంది మిగిలారు. పదిమంది మగవాళ్ళలో ఇద్దరే బతికారు, అయిదుగురు ఆడవాళ్ళూ బతికారు. పిల్లలు ఈ లెక్క చేస్తూ ఒకచోట ఆగిపోయారు. పదిమందిలో లూయీస్, సాల్వడార్ అని రెండు పేర్లున్నాయి. మేమిచ్చిన 87 మంది జాబితాలో ఆ పేర్లు లేవు. "రాయడం మర్చిపోయారా మేడం?"

మర్చిపోలేదు. వాళ్ళిద్దరూ కాలిఫోర్నియా మూలవాసులు, మివోక్ తెగవాళ్ళు. సటర్ అనే ఆయన కోట నుంచి చార్లెస్ స్టాంటన్‌తో కలిసి కంచరగాడిదల మీద ఈ గుంపుకే తిండి తెచ్చి, వీళ్ళతోపాటే మంచులో చిక్కుకున్నారు. మామూలుగా చెప్పే 87 లెక్కలోకి వాళ్ళు రారు. తర్వాత జరిగింది చెప్పాలా వద్దా అని మేము ఆ రాత్రంతా తర్జనభర్జన పడ్డాం. మర్నాడు చెప్పేశాం. మనిషి మాంసం తినడానికి వాళ్ళిద్దరూ ఒప్పుకోలేదు. తమను చంపే ఆలోచన ఉందని తెలిసి పారిపోయారు. కొన్ని రోజులకు నీరసించి పడిపోయి దొరికితే, ఆ గుంపులోని ఒకడు కాల్చి చంపాడు, తిండి కోసం. ఆ తర్వాత మిగిలిన ఏడుగురూ ఒక మివోక్ పల్లెకు చేరారు. ఆ పల్లెవాళ్ళు వాళ్ళకు ఓక్ కాయల తిండి పెట్టి, దారి చూపించారు.

గదిలో ఎవరూ మాట్లాడలేదు. మేము ఓక్ కాయల సంగతి ఎత్తుకున్నాం. ఆ గింజలు వగరు. దంచి, నీళ్ళు పోసి వగరు తీసేస్తేనే తినడానికి పనికొస్తాయి. "మా అవ్వ మామిడి టెంక జీడిని అట్లాగే చేస్తాది మేడం, దంచి ఏటి నీళ్ళలో పెడతాది" అంది వెనక వరసలోంచి ఒక అమ్మాయి. అంతే, అందరూ ఒక్కసారిగా మొదలుపెట్టారు: అంబలి సంగతి, చేదు దుంపల సంగతి, ఎవరింట్లో ఎన్నిసార్లు నీళ్ళు మారుస్తారో ఆ సంగతి. ఏ పాఠంలోనూ అంతమంది అన్ని మాటలు చెప్పలేదు.

ఆ చలికాలం ఆ సరస్సు చుట్టుపక్కల మనుషులు లేక కాదు. అది వాషో తెగవాళ్ళ నేల. పాట్రిక్ బ్రీన్ తన డైరీలో ఫిబ్రవరి చివర రాసుకున్నాడు: బరువైన మూట మోస్తూ ఒంటరిగా వెళ్తున్న ఒక మూలవాసి తనకు అయిదారు దుంపలిచ్చాడని, అవి చూడటానికి ఉల్లిపాయల్లా ఉన్నాయని. తాము తిండి ఇవ్వబోతే తుపాకులు పేల్చారని వాషోలు తరతరాలుగా చెప్పుకుంటారు. బతకడం తెలిసినవాళ్ళు పక్కనే ఉన్నారు. బతుకు పోరాటం గురించి వేసిన పట్టికలో వాళ్ళకు గడే లేదు.

పిల్లలు మళ్ళీ లెక్క వేస్తామన్నారు. ఇంకో రెండు చింతపిక్కలు తెచ్చి పెట్టి, మళ్ళీ తీశారు. మగవాళ్ళు 55, పోయింది 32, అంటే 58 శాతం. అందరూ కలిసి 89, పోయింది 42, 46 కాస్తా 47 శాతం అయింది.

"ఒక్క శాతమేనా మేడం మారింది?" అంది చార్టు రాస్తున్న పిల్ల. అవునన్నాం. ఆ పిల్ల 87 మీద గీత కొట్టి, పక్కన ఎర్ర స్కెచ్ పెన్నుతో 89 రాసి, కింద రెండు పేర్లూ రాసింది. చార్టు ఇప్పటికీ స్టడీ హాల్ గోడకే ఉంది.