మానవమితి నుంచి ప్రణాళిక దాకా

శాస్త్రాలు ఒకదాని నుంచి మరొకటి అప్పు తీసుకోవడం కొత్త విషయం కాదు. అర్థశాస్త్రం విషయంలో ఈ ఇచ్చిపుచ్చుకోవడం మరింత ప్రస్ఫుటంగా కనిపిస్తుంది. పదిహేడవ శతాబ్దంలో ఐర్లండు భూములనూ సంపదనూ లెక్కకట్టిన విలియం పెట్టీ వృత్తిరీత్యా వైద్యుడు, ఆక్స్‌ఫర్డులో శరీర నిర్మాణశాస్త్రం బోధించినవాడు. ఆ దేశపు ఆర్థిక స్థితిగతులపై తాను రచించిన గ్రంథానికి కూడ ఆయన 'రాజకీయ శరీర నిర్మాణం' అనే అర్థం వచ్చే పేరే పెట్టాడు. 1758లో 'ఆర్థిక పట్టిక'ను రూపొందించిన ఫ్రాంస్వా కెనే ఫ్రెంచి రాజాస్థానంలో వైద్యుడు. ఇందుకు ఎదురు దిశలో, జనాభా పెరుగుదలపై 1798లో వెలువడిన మాల్థస్ గ్రంథాన్ని 1838లో చదివిన డార్విన్‌కు ప్రకృతి వరణ సూత్రం స్ఫురించింది. ఇవన్నీ ఐరోపా చరిత్రకు చెందినవి, పాఠ్యగ్రంథాలలో తరచు ఉదాహరించబడేవి. భారతదేశంలో ఇటువంటి మార్పిడి ఇరవయ్యవ శతాబ్దపు పూర్వార్ధంలో కలకత్తా నగరం కేంద్రంగా జరిగింది. భౌతికశాస్త్రం, మానవశాస్త్రం, వాతావరణశాస్త్రం, వ్యవసాయం ఒకదాని వెంట ఒకటి అర్థశాస్త్రానికి చేయూతనిచ్చిన ఆ వృత్తాంతం ప్రశాంత చంద్ర మహలనోబిస్ జీవితంతో పెనవేసుకొని ఉంది.

1893లో కలకత్తాలో జన్మించిన మహలనోబిస్ 1915లో కేంబ్రిడ్జిలో భౌతికశాస్త్ర పట్టం పొందారు. యుద్ధం కారణంగా స్వదేశ ప్రయాణం కొంత ఆలస్యమైంది. ఆ వ్యవధిలో కింగ్స్ కళాశాల గ్రంథాలయంలో కూర్చున్న ఆయనకు 'బయోమెట్రికా' అనే పత్రిక సంపుటాలను ఉపాధ్యాయుడు మెకాలే చూపించాడు. జీవరాశుల కొలతలకు గణితాన్ని అన్వయించే నిమిత్తం కార్ల్ పియర్సన్ తదితరులు నడుపుతూ వచ్చిన పత్రిక అది. ఆ సంపుటాలను వెంట తెచ్చుకొని ఆయన ఓడలో చదివారు. ప్రెసిడెన్సీ కళాశాలలో భౌతికశాస్త్రం బోధించడానికి వచ్చిన వ్యక్తి మనస్సు అప్పటికే మరొక దిక్కుకు మళ్ళింది.

ఆ రోజులలో దేశంలో సాంఖ్యకశాస్త్రాన్ని ప్రత్యేక శాస్త్రంగా ఎవరూ పరిగణించలేదు. అయితే లెక్క తేలని సమస్యలతో ఆయన వద్దకు వచ్చినవారికి మాత్రం కొరత లేదు. మొదట వచ్చినది తత్త్వవేత్త బ్రజేంద్రనాథ్ శీల్. కలకత్తా విశ్వవిద్యాలయం పరీక్షా ఫలితాలను విశ్లేషించడంలో ఆయనకు సహాయం కావలసి వచ్చింది. 1920లో నాగపూరులో జరిగిన సైన్సు కాంగ్రెసులో జంతుశాస్త్ర సర్వే డైరెక్టరు నెల్సన్ అన్నన్‌డేల్ తారసపడ్డాడు. కలకత్తాలోని ఆంగ్లో ఇండియన్ల శరీర కొలతలు ఆయన వద్ద ఉన్నాయి; వాటి నుంచి ఏమి తేల్చవచ్చునో తెలియలేదు. 1922లో వెలువడిన మహలనోబిస్ తొలి సాంఖ్యక వ్యాసం ఆ కొలతల గురించినదే.

ఈ మానవమితి వారసత్వం అంత నిర్మలమైనది కాదని ఇక్కడ చెప్పక తప్పదు. 1901 జనాభా లెక్కల కమిషనరుగా పనిచేసిన హెర్బర్ట్ రిస్లీ ముక్కు పొడవు వెడల్పుల నిష్పత్తిని బట్టి కులాల అంతస్తును వివరించవచ్చునని విశ్వసించినవాడు. జాతుల ఎక్కువ తక్కువలను కొలతలతో నిరూపించాలనే ఆశ ఆ కాలపు మానవమితి వెనుక బలంగా ఉన్నది. మహలనోబిస్ ఆ కొలతలనే చేతబట్టి మరొక మార్గంలో నడిచారు. బెంగాల్ కులాలపై 1925లో ఆయన చేసిన విశ్లేషణలో అక్కడి బ్రాహ్మణులు ఇతర రాష్ట్రాల బ్రాహ్మణులకంటె బెంగాల్‌లోని తక్కిన కులాలవారికే దేహ లక్షణాలలో సన్నిహితంగా ఉన్నారని తేలింది. రిస్లీ సిద్ధాంతానికి రిస్లీ తరహా కొలతలే అడ్డు చెప్పాయన్నమాట.

ఆ పరిశ్రమ నుంచే 1936లో 'సార్వత్రిక దూరం' అనే భావన సిద్ధాంత రూపం పొందింది. రెండు జనసమూహాల మధ్య భేదాన్ని ఒక్క సంఖ్యలో చెప్పడం ఎట్లా అన్నది ప్రశ్న. పొడవైన మనిషికి చేతులు కూడ పొడవుగానే ఉంటాయి. కాబట్టి ఎత్తులో తేడానూ చేతి పొడవులో తేడానూ విడివిడిగా కూడితే ఒకే భేదాన్ని రెండుసార్లు లెక్కించినట్లవుతుంది. కొలతల మధ్య గల ఈ సహసంబంధాన్ని తీసివేసి అసలు దూరాన్ని రాబట్టే సూత్రాన్ని మహలనోబిస్ ఇచ్చారు. విశేషమేమంటే దాదాపు అదే సమయంలో అదే గణితరూపం మరి ఇద్దరికి తట్టింది. వారిలో ఒకరు 1931లో తన సూత్రాన్ని ప్రకటించిన అమెరికన్ ఆర్థికవేత్త హెరాల్డ్ హోటెలింగ్, మరొకరు 1936లో వృక్షజాతుల వర్గీకరణకు దానిని వాడిన జన్యుశాస్త్రజ్ఞుడు రొనాల్డ్ ఫిషర్. ఒక ఆర్థికవేత్త, ఒక జన్యుశాస్త్రజ్ఞుడు, ఒక భౌతికశాస్త్రజ్ఞుడు వేర్వేరు ద్వారాల నుంచి ఒకే గదిలోకి ప్రవేశించారు. అనంతరం ఫిషర్, హోటెలింగ్ ఇద్దరూ కలకత్తాకు వచ్చి వెళ్ళారు కూడ.

1931 డిసెంబరులో ప్రెసిడెన్సీ కళాశాల భౌతికశాస్త్ర ప్రయోగశాలలోనే భారత సాంఖ్యక సంస్థకు అంకురార్పణ జరిగింది. 1933లో ప్రారంభమైన దాని పత్రికకు 'సాంఖ్య' అని పేరు పెట్టారు. సంఖ్యకూ సమ్యక్ జ్ఞానానికీ మధ్య భారతీయ చింతనలో ప్రాచీన కాలం నుంచి ఉన్న అనుబంధాన్ని మహలనోబిస్ తొలి సంపాదకీయంలో ప్రస్తావించారు.

ఆ సంస్థకు 1941 జనవరిలో ఒక తెలుగు యువకుడు చేరుకున్నాడు. హడగలిలో పుట్టి, గూడూరు, నూజివీడు, నందిగామ, విశాఖపట్నాలలో చదువుకొని, ఆంధ్ర విశ్వకళాపరిషత్తులో గణితంలో ఎం.ఏ. చేసిన కల్యంపూడి రాధాకృష్ణారావు యుద్ధకాలపు ఉద్యోగం ఒకదాని కోసం కలకత్తా వెళ్ళి, అక్కడ యాదృచ్ఛికంగా ఈ సంస్థ సంగతి విన్నారు. సంయుక్త రాష్ట్రాలలో మానవశాస్త్రజ్ఞుడు డి.ఎన్. మజుందార్ సేకరించిన శరీర కొలతల విశ్లేషణలో ఆయన పాలుపంచుకున్నారు. 1946లో ఆయనను కేంబ్రిడ్జికి తీసుకువెళ్ళిన పని కూడ అటువంటిదే. సూడాన్‌లోని జెబెల్ మోయా తవ్వకాలలో బయల్పడిన అస్థికలను మహలనోబిస్ పద్ధతిలో పరిశీలించడానికి అక్కడి మ్యూజియం మనుషులను కోరింది. అక్కడ పనిచేస్తూనే రావుగారు ఫిషర్ వద్ద 1948లో డాక్టరేటు పొందారు. ఆ ఎముకల పనిలో ఆయన సహచరుడు రామకృష్ణ ముఖర్జీ. అంతకు ముందు ముఖర్జీ చేసి వచ్చిన పని వేరు. ఆయన బెంగాల్ కరువు బాధితుల ఇళ్ళ ముందు నిలబడి లెక్కలు రాసుకున్నవాడు. ఆ ప్రసక్తికి వచ్చే ముందు జనపనార గురించి కొంత చెప్పుకోవాలి.

బెంగాల్ జనపనార పంట విస్తీర్ణం ఎంత అన్నది ప్రభుత్వానికీ మిల్లు యజమానులకూ రైతుకూ కూడ ప్రాణప్రదమైన ప్రశ్న. ప్రతి చెకనూ తిరిగి చూడడం మహా వ్యయప్రయాసలతో కూడిన పని. 1937లో మొదలుపెట్టి అయిదేళ్ళపాటు మహలనోబిస్ యాదృచ్ఛికంగా ఎంపిక చేసిన చెకలను మాత్రమే పరిశీలించి మొత్తాన్ని అంచనా కట్టే పద్ధతిని క్రమంగా పెంచుకుంటూ వచ్చారు. ఇందులో భౌతికశాస్త్రజ్ఞుని స్వభావం కొట్టవచ్చినట్లు కనబడుతుంది. ప్రయోగశాలలో ఏ కొలతకైనా దాని దోషపరిమితిని చెప్పనిదే విలువ లేదు. పొలంలోనూ అదే నియమమన్నారాయన. ఒకే ప్రాంతానికి రెండు స్వతంత్ర బృందాలను పంపి, ఒకరి లెక్క మరొకరికి తెలియకుండా రాయించి, రెండింటి మధ్య తేడాను బట్టి పరిశోధకుల పొరపాటును కూడ కొలిచారు. 1941లో ఈ నమూనా అంచనా, చెక చెకకూ తిరిగి ప్రభుత్వం వేయించిన లెక్కకంటె వ్యాపార గణాంకాలకు ఎంతో దగ్గరగా నిలిచింది. ఖర్చు మాత్రం దానిలో స్వల్పభాగం. అయితే ఈ పద్ధతి లోపరహితం కాదు. పంటకోత ప్రయోగాలకు మహలనోబిస్ వాడిన చిన్న వలయాలలో అంచు మీది మొక్కలు లోపలికి చేరి దిగుబడి ఎక్కువగా కనిపిస్తుందని పి.వి. సుఖాత్మే ఎత్తి చూపారు. ఆ వివాదం చాలాకాలం నడిచింది. అందులో సుఖాత్మే వాదనకు బలం ఉన్నదని ఒప్పుకోవాలి.

1943లో బెంగాల్‌ను క్షామం కబళించింది. విచారణ సంఘం మృతుల సంఖ్యను 15 లక్షలుగా అంచనా వేసింది. తరువాతి పరిశోధకులలో పలువురు 30 లక్షల వరకు చెప్పారు. ఈ దారుణం మధ్య జనపనార పొలాల కోసం తయారైన పద్ధతీ, తర్ఫీదు పొందిన మనుషులూ కరువు గ్రామాలకు మళ్ళారు. మహలనోబిస్, రామకృష్ణ ముఖర్జీ, అంబికా ఘోష్ నిర్వహించిన సర్వేలో మానవశాస్త్రజ్ఞుడు కె.పి. చటోపాధ్యాయ సహకారం కూడ ఉన్నది. పొలం అమ్ముకున్నది ఎవరు, తాకట్టు పెట్టినది ఎవరు, దుక్కిటెద్దులు మిగిలినది ఎవరికి, 1943 జనవరిలో ఒక వృత్తిలో ఉన్న కుటుంబం 1944 మే నాటికి ఏ స్థితికి చేరినది అనేవి వారు అడిగిన ప్రశ్నలు. వ్యవసాయ కూలీలు, జాలరులు, బండ్లు పడవలు నడిపి బతికేవారు అందరికంటె ఎక్కువగా దిక్కులేనివారైనారు. సొంత పొలంలో ధాన్యం ఉన్నవారు తట్టుకున్నారు. కరువు అందరినీ సమానంగా తాకలేదన్న మాట ఊహగా కాక వృత్తుల వారీ పట్టికగా 1946లో 'సాంఖ్య' పుటలలో అచ్చయింది.

ఆ పట్టికలు ముప్ఫయ్ అయిదేళ్ళ తరువాత మళ్ళీ కదిలాయి. బాల్యంలో ఆ కరువును శాంతినికేతనంలో కళ్ళారా చూసిన అమర్త్య సేన్ 1981లో ప్రచురించిన క్షామ అధ్యయనంలో వాటిని ప్రధాన ఆధారాలలో ఒకటిగా స్వీకరించారు. తిండిగింజల లభ్యత తగ్గడం ఒక్కటే క్షామానికి హేతువు కాదు, వాటిని పొందే హక్కును మనిషి కోల్పోవడమే హేతువని ఆయన వాదన. కూలి రేట్లు నిలిచిపోయి బియ్యం ధర ఆకాశానికెక్కినప్పుడు జాలరి చేపకూ కూలీ శ్రమకూ బదులు బియ్యం రాలేదు. ఆధునిక అర్థశాస్త్రంలో అతి ముఖ్యమైన సిద్ధాంతాలలో ఒకటి ఈ విధంగా మానవమితి, జనపనార సర్వేల దారిలో వచ్చిన అంకెల మీద నిలబడింది. ఈ ఋణం గురించి జరగవలసినంత ప్రస్తావన జరగలేదు.

స్వాతంత్ర్యానంతరం మహలనోబిస్ 1949లో కేంద్ర మంత్రివర్గానికి గౌరవ సాంఖ్యక సలహాదారు అయినారు. అదే సంవత్సరం ఏర్పడిన జాతీయాదాయ సంఘానికి ఆయన అధ్యక్షుడు, డి.ఆర్. గాడ్గిల్, వి.కె.ఆర్.వి. రావు సభ్యులు. 1950లో జాతీయ నమూనా సర్వే మొదలైంది. 1955 మార్చిలో రెండవ ప్రణాళిక ముసాయిదా చట్రాన్ని ఆయన సమర్పించారు. పెట్టుబడిలో ఎక్కువ వాటాను యంత్రాలను తయారుచేసే యంత్రాలకు కేటాయిస్తే ఆరంభంలో వినియోగం మందగించినా దీర్ఘకాలంలో అభివృద్ధి వేగం హెచ్చుతుందన్నది దాని సారం. రష్యన్ ఆర్థికవేత్త ఫెల్డ్‌మన్ 1928లో రూపొందించిన నమూనాకు దీనితో పోలిక ఉన్నది. ఆ దినాలలో బారానగర్‌లోని సంస్థకు ఫ్రిష్, టిన్‌బర్గెన్, లాంగే, గాల్‌బ్రెయిత్ వంటివారు అతిథులు. 1957లో జీవశాస్త్రజ్ఞుడు హాల్డేన్ ఏకంగా అక్కడే ఉద్యోగంలో చేరారు.

భౌతికశాస్త్రం ఇచ్చిన వరం ఇక్కడ కొంత శాపంగా కూడ పరిణమించింది. వరదనీటి పరిమాణాన్ని లెక్కించినట్లే ఆయన దేశ సంపద ప్రవాహాన్నీ లెక్కించారు. నీటికి ఇష్టాయిష్టాలు లేవు. రైతుకూ వర్తకుడికీ ఉన్నాయి. ధరలకూ ఎగుమతులకూ ఆ సమీకరణాలలో తగిన చోటు లేదు. లోటు బడ్జెట్టు వల్ల ద్రవ్యోల్బణం తప్పదనీ, నియంత్రణలు మితిమీరుతాయనీ ఆర్థికవేత్తల సలహా బృందంలో బి.ఆర్. షెణాయ్ ఒక్కరే 1955లో అసమ్మతి పత్రం రాశారు. 1956లో వకీల్, బ్రహ్మానంద శ్రామికుని తిండీ బట్టా సమకూర్చే సరకులే తొలి అవసరమన్నారు. 1957లో విదేశీ మారకద్రవ్యం కొరత ప్రణాళికను కుదిపివేసింది. భారీ పరిశ్రమల పునాది అవసరం లేదని దీని అర్థం కాదు. అయితే పొలంలో ప్రతి కొలతకూ దోషపరిమితి అడిగిన శాస్త్రవేత్త తన ప్రణాళికా సమీకరణాలలోని గుణకాలను అంతటి అనుమానంతో చూడలేదనిపిస్తుంది.

సర్వేలు మాత్రం ఆ అనుమానాన్ని విడిచిపెట్టలేదు. పోయిన వారం ఎంత బియ్యం తిన్నారని అడిగితే ఒక జవాబు, పోయిన నెలలో ఎంత తిన్నారని అడిగితే మరొక జవాబు వస్తుంది. ఇది మానవ జ్ఞాపకశక్తికి సంబంధించిన విషయం, మనస్తత్వశాస్త్ర పరిధిలోనిది. 1950ల ఆరంభంలోనే మహలనోబిస్ బృందం పశ్చిమ బెంగాల్‌లో రెండు విధాలా అడిగి, తూకం వేసి కూడ చూసి, నెల లెక్కే నిజానికి దగ్గరగా ఉన్నదని తేల్చింది. దశాబ్దాలపాటు 30 రోజుల ప్రశ్నే కొనసాగింది. 1990ల మధ్యలో మళ్ళీ ప్రయోగాలు జరిపినప్పుడు ఆహారానికి 7 రోజుల ప్రశ్న వేస్తే పేదల సంఖ్య దాదాపు సగానికి తగ్గినట్లు కనిపించింది. 1999-2000 సర్వేలో రెండు ప్రశ్నలనూ ఒకే పత్రంలో పక్కపక్కన ముద్రించారు. 1993-94లో 36 శాతంగా ఉన్న పేదరికం 26.1 శాతానికి తగ్గిందని అధికారిక ప్రకటన వెలువడింది. ఒక జవాబు మరొక జవాబును ప్రభావితం చేసిందని పలువురు ఆర్థికవేత్తలు ఆక్షేపించారు. ఏ కుటుంబానికి చవకధర బియ్యం అందాలో, ఏ రాష్ట్రానికి ఎంత నిధి రావాలో ఇటువంటి అంకెలపై ఆధారపడి ఉన్నప్పుడు, ఏడు రోజులా ముప్ఫయ్ రోజులా అన్నది కేవలం పండితుల తర్కం కాబోదు.

మహలనోబిస్ 1972 జూన్ 28న కన్నుమూశారు. అప్పటికే సర్వే బాధ్యత ప్రభుత్వ సంస్థకు బదిలీ అయింది. కల్యంపూడి రాధాకృష్ణారావు నూటమూడవ ఏట 2023 ఆగస్టులో అమెరికాలో మరణించారు. అదే సంవత్సరం ఆయనకు అంతర్జాతీయ సాంఖ్యక పురస్కారం లభించింది. 2017-18 నాటి వినియోగ సర్వే ఫలితాలు దత్తాంశాల నాణ్యత పట్ల సందేహాల కారణంగా విడుదల కాలేదు. 2022-23 సర్వేలో పద్ధతి మార్చారు. ఒక్క పర్యాయంలో అన్నీ అడిగే బదులు పరిశోధకుడు ఒకే ఇంటికి మూడు నెలలలో మూడుసార్లు వెళ్ళి, ఆహారం గురించి ఒకసారి, తక్కిన ఖర్చుల గురించి ఇంకొకసారి, మన్నికైన వస్తువుల గురించి మరొకసారి అడిగాడు.