చోడి అంబలి నుంచి రాగి జావ దాకా: ఉత్తరాంధ్ర శ్రామిక వంటిల్లు – ఒక చారిత్రక పరిశీలన

ఉపోద్ఘాతం

మాంసం, చేప, గుడ్డులతో పాటు పాలు, పెరుగు, నెయ్యి, తేనె కూడా లేని ఆహారాన్ని ఇప్పుడు 'వీగన్' ఆహారం అంటున్నారు. ఈ మాట పుట్టి ఇంకా వందేళ్ళు కాలేదు. 1944 నవంబరులో ఇంగ్లండులో డొనాల్డ్ వాట్సన్, ఆయన సహచరులు 'వెజిటేరియన్' అనే మాటలోని మొదటి అక్షరాలనూ చివరి అక్షరాలనూ కలిపి దీనిని కల్పించారు. తెలుగులో దీనికి స్థిరపడిన సమానార్థకం లేదు. 'శాకాహారం' అంటే సరిపోదు. తెలుగు శాకాహార భోజనం పప్పు మీద నెయ్యితో మొదలై పెరుగన్నంతో ముగుస్తుంది. పాడి లేకపోతే ఆ భోజనానికి నిండుదనం లేదని సంప్రదాయ భావన.

అయితే మాట లేనంత మాత్రాన వస్తువు లేదనుకోవడం పొరపాటు. శ్రీకాకుళం, విజయనగరం ప్రాంతాల శ్రామిక కుటుంబాలు ఏడాదిలో ఎక్కువ రోజులు తిన్నది పాలూ నెయ్యీ మాంసమూ లేని తిండే. అది నియమం వల్ల వచ్చింది కాదు. ఆ ఇళ్ళవారు చేపలు తినేవారు, పండుగకు కోడినో మేకనో కోసేవారు. సముద్రతీర గ్రామాల్లో ఎండుచేప నిత్యం వాడుకలో ఉండేది. కాబట్టి వారిని శాకాహారులని గాని, వీగన్లని గాని పిలవడం చరిత్రకు అన్యాయం చేయడమే. వారి దైనందిన వంటను నిర్ణయించినవి మూడు: మెట్టనేల, చేతిలో లేని డబ్బు, ఆడవారి పనివేళలు. మొదటి రెండింటి గురించి ఎంతో కొంత రాశారు. మూడవదాని మీద పరిశోధన పెద్దగా దృష్టి పెట్టలేదు. ఈ వ్యాసం ముఖ్యంగా దాని గురించే.

ధాన్యం పేర్లు

ఆహార చరిత్రకు ఆధారాలు వెదికేవారికి మొదట దొరికేవి పాలనా గ్రంథాలు. ప్రస్తుత విజయనగరం జిల్లా ప్రాంతం నాటి విశాఖపట్నం జిల్లాలో, శ్రీకాకుళం నాటి గంజాం జిల్లాలో ఉండేవి. కార్మైకేల్ రాసిన విశాఖపట్నం జిల్లా మాన్యువల్ (1869), మాల్ట్బీ రాసిన గంజాం జిల్లా మాన్యువల్ (1882), ఫ్రాన్సిస్ రాసిన విశాఖపట్నం గెజిటీరు (1907) ఈ కోవలోవి. ఇవి ప్రధానంగా పాలనావసరాల కోసం తయారైన పుస్తకాలు. పంట కళ్ళం దాటి పొయ్యి మీదికి చేరాక ఏమైందన్నది వాటి పరిధిలోని ప్రశ్న కాదు.

కావ్యాల్లో మెట్ట ధాన్యానికి దక్కిన స్థానం మరో రకమైనది. శ్రీనాథుడివని ప్రచారంలో ఉన్న చాటువుల్లో పల్నాటి జొన్నకూడు పరిహాస వస్తువు. సన్నన్నానికి అలవాటుపడిన నోటికి అది శిక్ష. తినేవారి వైపు నుంచి చూసిన మాట అక్కడ వినబడదు.

తినేవారి మాట వినాలంటే మాండలిక పదజాలం దగ్గరికి వెళ్ళాలి. భద్రిరాజు కృష్ణమూర్తి సంపాదకత్వంలో 1962లో వెలువడిన మాండలిక వృత్తి పదకోశం మొదటి సంపుటం వ్యవసాయ పదాలది. గ్రామం గ్రామం తిరిగి సేకరించిన పదాలకు పరిశోధనా గౌరవం కల్పించిన గ్రంథమది. రాయలసీమలో 'రాగులు', తెలంగాణలో 'తైదలు' అనే ధాన్యం ఉత్తరాంధ్రలో 'చోళ్ళు', 'చోడి'. మిగిలినచోట్ల 'సజ్జలు' అనేవి ఇక్కడ 'గంటెలు'. ధాన్యానికి సొంత పేరు ఉందంటే ఆ పేరు చుట్టూ సొంత వంట, సొంత కొలత, సొంత కాలపట్టిక ఉన్నాయని అర్థం.

అంబలి: ఒక రోజు పని లెక్క

చోడికి ఒక గుణం ఉంది. సామ, కొర్ర, ఊద గింజలకు గట్టి పొట్టు ఉంటుంది. రోట్లో వేసి దంచి, చెరిగి, మళ్ళీ దంచితే గాని వండటానికి పనికిరావు. చోడి గింజ మీది పలుచని పొర నూర్పిడిలోనే చాలావరకు ఊడిపోతుంది. తిరగలిలో పోసి విసిరితే పిండి సిద్ధం. తెల్లవారకముందే లేచి పొలానికి పోవలసిన ఇల్లాలికి ఈ తేడా చిన్నది కాదు. పైగా చోళ్ళకు పురుగు అంత తొందరగా పట్టదు. బాగా ఎండబెట్టి దాస్తే ఏళ్ళ తరబడి నిలవుంటాయి. 1866 నాటి గంజాం కరవు వంటివి చూసిన ప్రాంతంలో నిలవుండే గింజకు ఉన్న విలువను వేరే చెప్పనక్కరలేదు.

అంబలి వండే పద్ధతిని గమనిస్తే అందులో కాలం ఎలా కుదురుకుందో తెలుస్తుంది. చోడిపిండిని ముందురోజే నీళ్ళలో కలిపి మూతపెడతారు. రాత్రంతా అది పులుస్తుంది. ఎసరులో గుప్పెడు నూకలు వేసి, అవి ఉడికాక పులిసిన పిండిని పోసి గరిటెతో కలుపుతూ చిక్కబడనిస్తారు. దించి చల్లార్చిన అంబలి ఆ పూటకీ, పొలానికీ, ఒక్కోసారి మరునాటికీ సరిపోతుంది. ఉల్లిపాయ, పచ్చిమిరపకాయ, ఊరగాయ ముక్క – ఏది ఉంటే అది నంజుడు. మజ్జిగ ఉన్న ఇంట్లో మజ్జిగ కలుపుకొంటారు. లేని ఇంట్లో పులుపు అంబలిలోనే ఉంది. పాడి చేయవలసిన పనిని ఇక్కడ పులియబెట్టడం చేసింది. పులిసినప్పుడు గింజలోని ఖనిజాలను పట్టి ఉంచే పదార్థాలు కొంత తగ్గి అవి ఒంటికి పట్టడం సులువవుతుందని ఆహారశాస్త్రం చెబుతుంది. వండేవారికి ఆ వివరణతో పని లేదు. పులిసిన అంబలి కడుపులో చల్లగా ఉంటుందని, ఎండలో నిలబెడుతుందని వారికి తెలుసు.

'తరవాణి' కూడా ఈ లెక్కలోదే. అన్నం వార్చిన గంజినీ కడుగునీటినీ కుండలో పోసి వంటింటి మూల ఉంచితే రెండుమూడు రోజులకు పులుస్తుంది. రాత్రి మిగిలిన అన్నాన్ని అందులో వేసి పొద్దున తింటారు. పారబోయవలసిన నీరు ఆహారమైంది, పొద్దుటిపూట పొయ్యి వెలిగించే పని తప్పింది. కట్టెపుల్లల కోసం మైళ్ళు నడిచే ఇళ్ళలో పొయ్యి వెలిగించకపోవడం పెద్ద పొదుపు. చాసో 'కుంకుడాకు' కథ చదివినవారికి ఈ ప్రాంతంలో పొయ్యిలోకి ఆకూ అలమూ ఏరుకోవడం వెనుక ఎంత వేదన ఉందో తెలుసు.

ఇక్కడ ఒక మాట చెప్పుకోవాలి. నేటి పుస్తకాలు 'తక్కువ సమయంలో ఆరోగ్యకరమైన వంట' అని బోధించే మెలకువలు – ముందురోజే నానబెట్టడం, ఒకసారి వండి రెండు పూటలు వాడుకోవడం, ఒకే కుండలో అంతా ఉడికించడం – అన్నీ ఈ వంటింట్లో ఉన్నాయి. కాని ఇక్కడ మిగిలిన సమయం ఆ ఇల్లాలికి మిగల్లేదు. కళ్ళానికో, దొర పొలానికో పోయింది. నెల్లిమర్ల, చిట్టివలస జనపనార మిల్లులు వచ్చాక కొందరికి మిల్లు కూతకు పోయింది. ఈ తేడా చెప్పకుండా అంబలిని 'పూర్వీకుల వివేకం' అని పొగడటం సగం చరిత్రే అవుతుంది.

తీపి

నెయ్యి లేకుండా తీపి ఎలా? ఉత్తరాంధ్రలో దీనికి జవాబు నువ్వు, బెల్లం. దక్షిణాన ఉన్న అనకాపల్లి బెల్లం బజారు ప్రసిద్ధమైనదే. నువ్వుల్ని దోరగా వేయించి, బెల్లంతో కలిపి దంచితే చిమ్మిలి. అందులోని నూనే దానిని ముద్దగా పట్టి ఉంచుతుంది. మరో కొవ్వు అవసరం లేదు. తడిబియ్యం దంచిన పిండిలో బెల్లం కలిపితే చలివిడి. నాగుల చవితినాడు ఈ రెండూ చేస్తారు. ఆనాటి క్రమంలో ఒక విశేషం కనిపిస్తుంది: పాలు పుట్టలో పోస్తారు, చిమ్మిలీ చలివిడీ పిల్లలకు పెడతారు. పాలు దేవతకు సమర్పించే అపురూప వస్తువు, నువ్వులు ఇంటి తిండి. ఒక ప్రాంతపు ఆహార వ్యవస్థలో పాలకున్న స్థానాన్ని దీనికంటే స్పష్టంగా చూపే ఆచారం అరుదు.

సంక్రాంతి అరిసెలు నువ్వుల నూనెలో వేగుతాయి. నెయ్యి కలిగిన ఇళ్ళ వైభవం. తాటిపండు గుజ్జును వరినూకతో కలిపి కాల్చిన రొట్టె, అదే గుజ్జును చాప మీద పొరలు పొరలుగా ఎండబెట్టిన తాండ్ర, పాతర వేసిన టెంకల నుంచి వచ్చే తేగలు – ఇవి అంగడికి పోనక్కరలేని తీపి. ఉద్దానంలో కొబ్బరి, పనస, జీడి ఉన్నాయి. ఆవ పెట్టిన పనసపొట్టు కూర పెళ్ళి పంక్తికి ఎక్కింది. పలాస జీడిపప్పు దేశమంతా తిరిగింది. జీడి పిక్కలు కాల్చి, ఒలిచే పనిలో చేతులు పొక్కిన ఆడవారి ఇళ్ళలో మాత్రం జీడిపప్పు నిత్యం వాడే వస్తువు కాలేదు.

ఈ 'సంప్రదాయం' కూడా ఒక్క కాలానిది కాదు. జీడిమామిడి, మిరప, వేరుశనగ – మూడూ అమెరికా ఖండాల నుంచి పోర్చుగీసు వర్తకంతో పదహారో శతాబ్దం తరువాత మన తీరానికి వచ్చినవే. పచ్చిమిర్చి లేని అంబలిని ఇప్పుడు ఊహించలేం గాని, అంబలి మిరపకంటే ముందుది. 2018 అక్టోబరు 11న పలాస పరిసరాల్లో తీరం దాటిన తిత్లీ తుపాను ఉద్దానం కొబ్బరి, జీడి తోటలను నేలమట్టం చేసింది. పెరటిచెట్టు మీద ఆధారపడిన వంట ఎంత సులువుగా దెబ్బతింటుందో ఆ ఒక్క రాత్రి చూపింది.

మన్యం

సీతంపేట, పార్వతీపురం కొండల్లో సవరల, జాతాపుల పోడు వ్యవసాయం ఒకే చెక్కలో చోడి, సామ, కొర్ర, కంది కలిపి చల్లేది. ఒక పంట పోయినా మరొకటి మిగిలేది. కందికొత్త పండుగ జరిగే దాకా కొత్త కందులు నోట పెట్టుకోరు. వెదురు కొమ్ముల కూర, ఎండబెట్టిన ఇప్పపువ్వు, ఇప్పగింజల నూనె, అడ్డాకుల విస్తరి వారి వంటింటి సామగ్రి. వేట కూడా వారి ఆహారంలో భాగమే. గిడుగు రామమూర్తి సవర భాషకు వ్యాకరణం (1931), నిఘంటువు (1938) సిద్ధం చేయడం భాషాసేవగా అందరూ స్మరిస్తారు. ఒక జాతి తన ఆహారానికి పెట్టుకున్న పేర్లను వెదికేవారికి కూడా అవి మొదట తెరవవలసిన పుస్తకాలు. తెలుగు శాఖల్లో ఆ వైపు నుంచి చదివినవారు తక్కువ.

బియ్యం, తరువాత జావ

1983లో కిలో రెండు రూపాయల బియ్యం పథకం వచ్చింది. ఆకలి మీద దాని ప్రభావాన్ని తక్కువ చేసి మాట్లాడటం కుదరదు; వరన్నం పండుగనాటి భోజనంగా ఉన్న ఇళ్ళలో అది రోజువారీ అన్నమైంది. దానితో పాటే చోడి అంబలి 'లేనివారి తిండి' అయింది. బంధువుల ముందు అంబలి తాగడం నామోషీ అయింది. పిండిమరలు తిరగలి శ్రమను తీర్చాయి గాని అప్పటికే విసరవలసిన గింజ తగ్గింది. సామలకూ కొర్రలకూ పొట్టు తీసే యంత్రం ఊళ్ళకు రాలేదు. పండించినవారే దంచే ఓపిక లేక బియ్యానికి మారారు. చిరుధాన్యాలు పోవడానికి రుచి మారడాన్నే కారణంగా చెప్పేవారు రోకలి బరువును లెక్కలోకి తీసుకోవడం లేదు.

తరువాతి మలుపు పట్టణాల నుంచి వచ్చింది. మధుమేహం భయం, ఖాదర్ వలి ప్రచారంలోకి తెచ్చిన 'సిరిధాన్యాలు', ఐక్యరాజ్యసమితి 2023ను చిరుధాన్యాల సంవత్సరంగా ప్రకటించడం – వీటితో గౌరవం తిరిగి వచ్చింది. నూరు గ్రాముల చోళ్ళలో 340 మిల్లీగ్రాములకు పైగా కాల్షియం ఉంటుంది. అదే తూకం ఆవుపాలలో దాదాపు 120. పాలు మానేసినవారు ఈ ధాన్యాన్ని ఆశ్రయించడం సహజమే. అయితే మొక్కల ఆహారంలో బి12 విటమిను లోపిస్తుంది. పాత వంటింట్లో ఆ లోటును అప్పుడప్పుడు పడే చేపముక్క పూడ్చింది. ఆ చేపను చెరిపేసి అంబలిని మాత్రమే ఆదర్శంగా నిలపడం పోషణ దృష్టితోనూ సరికాదు.

విజయనగరం వ్యవసాయ పరిశోధన స్థానం తన వంగడాలకు చంపావతి, వేగవతి అని స్థానిక నదుల పేర్లు పెట్టింది. ధాన్యం పేరు మాత్రం అధికార పత్రాల్లో రాగి. 2023 మార్చి 21 నుంచి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వ పాఠశాలల మధ్యాహ్న భోజన పథకంలో వారానికి మూడు రోజులు బెల్లం కలిపిన రాగి జావ చేరింది. మిగిలిన రోజుల్లో వేరుశనగ చిక్కీ. బడిపిల్లలకు ఇది మంచి ఆహారమే, వివాదం లేదు. కాని శ్రీకాకుళం జిల్లా పల్లెలో పిల్ల బడిలో తాగేది 'రాగి జావ', ఇంట్లో అమ్మమ్మ తాగేది 'చోడి అంబలి'. ఒకటి పుస్తకంలో బొమ్మ వేసి పోషకవిలువ రాసిన పానీయం. మరొకటి పేదరికపు గుర్తు. రెండూ ఒకే గింజవని ఆ పిల్లకు చెప్పవలసిన పాఠం ఏ తరగతిలోనూ లేదు.

తిరగలి విసిరిన తరం ఇప్పుడు డెబ్బై, ఎనభై ఏళ్ళ వయసులో ఉంది. ఎన్ని గుప్పెళ్ళ పిండికి ఎంత నీరు, చలికాలంలో పులియడానికి ఎన్ని జాములు, ఏ నెలలో ఏ ఆకు, కరవునాడు ఏ దుంప – ఇవి వారి మాటల్లోనే ఉన్నాయి. 1997లో కాళీపట్నం రామారావు శ్రీకాకుళంలో స్థాపించిన కథానిలయం తెలుగు కథలను ఒకచోట చేర్చింది. ఆ కథల్లోని వంటింటి పదాలను పోగుచేసి, ఆ వృద్ధుల చేత చదివించి, ఏ మాట ఏ ఊళ్ళో ఎలా పలుకుతారో నమోదు చేసే పని ఒక పరిశోధక విద్యార్థి రెండు మూడు వేసవి సెలవుల్లో మొదలుపెట్టగలిగినదే.