ఏం జాతి కుక్క, మాస్టారూ?

పోయిన వానాకాలంలో మా కొండ ఊరి నుంచి ఒక కుక్కను ఆటోలో ఎక్కించుకొని గరివిడి వెళ్ళాను. అడవిపంది కోర తగిలి దాని డొక్క చీరుకుపోయింది. గరివిడిలో పశువైద్య కళాశాల ఉంది కాబట్టి అక్కడికి తీసుకెళ్ళమని మేకలవాళ్ళు చెప్పారు. కుట్లు వేయించి తిరిగి వస్తూ ఒక టీ కొట్టు దగ్గర ఆగాం. బెంచీ మీదున్న పెద్దాయన నేను బడిపంతులునని మాటల్లో తెలుసుకొని, కుక్క వైపు చూసి అడిగాడు.

"ఏం జాతి కుక్క, మాస్టారూ?"

"జాతేముంది బాబూ, ఊరకుక్కే. మా మేకల్ని కాస్తాది."

"దీనికోసమా ఇంత దూరం వచ్చారు!" అని నవ్వాడు. ఆయన చెడ్డమనిషి కాదు, కుక్కకు బిస్కెట్టు కూడా వేశాడు. కానీ ఆ మాట నా మనసులో ఉండిపోయింది. ఎందుకంటే మన పిల్లలు కూడా ఇప్పుడు ఇదే మాట అంటున్నారు. పట్నం నుంచి బొచ్చు కుక్కనో, పొట్టి మూతి కుక్కనో వేలకు వేలు పోసి తెచ్చి, వాకిట్లో పుట్టిన కుక్కను తరిమేస్తున్నారు. అందుకే ఈ "జాతి" అన్న లెక్క ఎక్కడి నుంచి వచ్చిందో చెప్పాలనుకున్నాను.

మా తాత కుక్కపిల్లను ఎంచుకోవడం చిన్నప్పుడు చూశాను. ముందు పిల్లను చూసేవాడు కాదు, తల్లిని చూసేవాడు. అది రాత్రి ఎలా మొరుగుతుంది, మేకపిల్లను కరుస్తుందా, ఎలుగు వాసన తగిలితే పారిపోతుందా, మనిషిని పిలుస్తుందా అని నలుగురినీ అడిగేవాడు. ఆ తరువాతే పిల్లను చేతిలోకి తీసుకొని వేళ్ళు దగ్గరగా ఉన్నాయా, ఛాతీ లోతుగా ఉందా, నడుము నిలుస్తుందా అని తడిమేవాడు. అంటే ఆయనా రూపం చూశాడు. కానీ పనికి కావలసిన రూపం చూశాడు. రాళ్ళ మీద పరిగెత్తాలంటే పాదం గట్టిగా ఉండాలి. ఎండలో అలసిపోకూడదంటే ఊపిరికి చోటుండాలి. రంగు సంగతి ఆయన ఎప్పుడూ ఎత్తలేదు.

ప్రపంచంలో చాలాకాలం ఇలాగే సాగింది. వేటకు ఒకటి, మందకు ఒకటి, కాపలాకు ఒకటి అని పనిని బట్టి కుక్కలను పెంచారు. మార్పు పందొమ్మిదో శతాబ్దంలో ఇంగ్లండులో వచ్చింది. 1859లో న్యూకాజిల్ పట్టణంలో కుక్కల ప్రదర్శన పెట్టారు. ఈ తరహా ప్రదర్శనల్లో మొదటిదిగా దాన్నే చెబుతారు. అక్కడికి వచ్చినవి వేటకుక్కలే అయినా, బహుమతి వేట చూసి ఇవ్వలేదు, నిలబెట్టి ఒళ్ళు చూసి ఇచ్చారు. 1873లో లండన్‌లో కెన్నెల్ క్లబ్ ఏర్పడి వంశావళి పుస్తకాలు మొదలుపెట్టింది. అదే 1873లో వేల్స్‌లోని బాలా అనే ఊళ్ళో గొర్రెల కాపరుల కుక్కలకు మరో రకం పోటీ జరిగింది. అక్కడ కుక్క అందంతో పని లేదు, గొర్రెలను ఎంత నేర్పుగా తోలిందన్నదే లెక్క. ఒకే ఏడాది రెండు దారులు కనిపించాయి.

మొదటి దారిలో ఏం జరిగిందో బుల్‌డాగ్‌ను చూస్తే తెలుస్తుంది. ఎద్దుల మీదికి వదిలి వినోదం చూసే క్రూరమైన ఆటకు దాన్ని పెంచేవారు. 1835లో ఆ ఆటను చట్టం నిషేధించింది, అది మంచిదే. పని పోయిన కుక్కకు రూపమే మిగిలింది. మూతి పొట్టిగా ఉంటే బాగుంటుందన్నారు, తరతరానికీ ఇంకా పొట్టి చేశారు. చివరికి ఊపిరి ఆడక గురక పెట్టే కుక్క, తల పెద్దదై కోత లేకుండా ఈనలేని కుక్క తయారైంది. 2008లో బీబీసీ ఈ సంగతులపై చిత్రం ప్రసారం చేశాక గగ్గోలు పుట్టి, కెన్నెల్ క్లబ్ తన ప్రమాణాలను తిరగరాయవలసి వచ్చింది.

జర్మన్ షెపర్డ్ కథ మరో పాఠం. 1899లో మాక్స్ ఫాన్ స్టెఫానిట్జ్ అనే మాజీ సైనికాధికారి ఆ జాతికి సంఘం పెట్టాడు. కుక్క పనికొచ్చేదిగా, తెలివిగలదిగా ఉండాలన్నది ఆయన పట్టు. తరువాతి కాలంలో ప్రదర్శనల కోసం పెంచిన కొన్ని వరుసల్లో వెనుక భాగం కిందికి వాలిపోయింది. ఇప్పుడు పోలీసు పనికి ఒక వరుస, ప్రదర్శనకు ఒక వరుస అన్నట్టు వేరుపడ్డాయి.

రెండో దారిలో వాళ్ళు 1906లో అంతర్జాతీయ షీప్‌డాగ్ సొసైటీ పెట్టుకున్నారు. దాని పుస్తకంలో మంచి పద్ధతి ఒకటుంది. వంశం నమోదు కాని కుక్క అయినా పనిలో పరీక్ష నెగ్గితే, ఆరోగ్యంగా ఉంటే చేర్చుకుంటారు. పని ఒక్కటే చూస్తే చాలని కూడా వాళ్ళు అనుకోలేదు. గొప్పగా పనిచేసే కుక్కలోనూ కంటి జబ్బు దాగి ఉండి పిల్లలకు వస్తుందని గమనించి కళ్ళ పరీక్షలు పెట్టారు. ఒళ్ళు బాగుంటేనే పని నిలుస్తుంది. పని చేయించి చూస్తేనే ఒళ్ళు నిజంగా బాగుందో లేదో తెలుస్తుంది. ఈ రెంటినీ విడదీసిన చోటే చెడింది.

మన దేశంలోనూ పని కుక్కలకు కొదవ లేదు. కర్ణాటకలోని ముధోళ్ వేటకుక్కలను సైన్యం శిక్షణకు తీసుకుంది. ముధోళ్, తమిళనాడులోని రాజపాళయం, చిప్పిపారై కుక్కలను కర్నాల్‌లోని జాతీయ పశు జన్యు వనరుల సంస్థ జాతులుగా నమోదు చేసింది. మన తెలుగునేలదే అయిన జోనంగి మాత్రం అంత పేరుకు నోచుకోలేదు. కొల్లేరు ప్రాంతంలో బాతుల మందలను కాసిన కుక్క అది. పొట్టి వెంట్రుకలు, ముడతల ముఖం, నేల తవ్వి గుంటలో పడుకునే అలవాటు దాని గుర్తులు. బాతుల మందల చోట చేపల చెరువులు వచ్చాయి, కుక్కకు పని పోయింది. పని పోతే జాతికే ముప్పు వస్తుంది. దానిని ప్రదర్శన బొమ్మగా మాత్రమే బతికిస్తే, ఇంగ్లండులో జరిగిందే ఇక్కడా జరగవచ్చు.

ఇక్కడ ఆదివాసీ పాఠకులకు ఒక మాట. కుక్కల మూతులు కొలిచిన కాలంలోనే మనుషుల ముక్కులూ కొలిచారు. మద్రాసు మ్యూజియం అధికారి ఎడ్గర్ థర్‌స్టన్ కొలత పరికరాలతో మన వాళ్ళ తలలు, ముక్కులు కొలిచాడు. 1909లో ఏడు సంపుటాల పుస్తకం వేశాడు. సవరలు, జాతాపులు, గదబలు అందులో ఉన్నారు. 1871లో వచ్చిన నేరస్థ తెగల చట్టం కొన్ని తెగల్ని పుట్టుకతోనే దొంగలని రాసింది. మనిషి వేరు, కుక్క వేరు, రెంటినీ ఒక గాటన కట్టడం నా ఉద్దేశం కాదు. కానీ చేసే పని చూడకుండా రూపాన్నీ పుట్టుకనూ పుస్తకంలోకి ఎక్కించి విలువ కట్టే బుద్ధి రెండుచోట్లా ఒకటే. ఆ బుద్ధి వల్ల దెబ్బతిన్న మనం, అదే కళ్ళతో మన వాకిటి కుక్కను చూడడం తగునా?

కాలం మారింది. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం తరువాత వేట నేరం. కుక్కను వేటకు ఉసిగొల్పమని నేను చెప్పను. కానీ పోడు పంట దగ్గర, మేకల దొడ్డి దగ్గర దానికి పని ఇంకా ఉంది. కాబట్టి ఉపాధ్యాయ మిత్రులు పిల్లలచేత ఒక నోటుపుస్తకం పెట్టించండి. ఊళ్ళో ఏ కుక్క ఏ పని బాగా చేస్తుంది, దాని తల్లి ఏది, ఏ జబ్బు వచ్చింది, ఎన్నేళ్ళు బతికింది అని రాయించండి. మంచి పనీ, మంచి ఒళ్ళూ ఉన్న తల్లి పిల్లలనే నిలుపుకోండి. తల్లీబిడ్డలను, తోబుట్టువులను కలవనీయకండి. రేబిస్ టీకా తప్పకుండా వేయించండి. 1885 జూలై 6న పాశ్చర్ ఒక బాలుడికి ఆ టీకా మొదలుపెట్టిన గుర్తుగా ఏటా అదే రోజున పశువుల ఆసుపత్రుల్లో ఉచితంగా వేస్తారు.

మా కుక్క గాయం మానింది. కుట్లు పడిన చోట వెంట్రుకలు సరిగా రాలేదు, ఏ ప్రదర్శనలోనూ దానికి బహుమతి రాదు. పంటకాలం వచ్చేసరికి మళ్ళీ మేకల వెంట కొండెక్కింది. ఈసారి గరివిడి వెళ్ళినప్పుడు ఆ పెద్దాయన కనిపించి ఏం జాతని అడిగితే, అది చేసే పని ముందు చెబుతాను. జాతి సంగతి తరువాత మాట్లాడుకుందాం అంటాను.